పొట్టకు వేసే ఆ ఇంజెక్షన్ ఎవరికి? వైరల్ జ్వరాలు, రక్తపు గడ్డలు, డి-డైమర్ భయం

ఈశాన్య రుతుపవనాలు నెల్లూరు జిల్లాకు వానలతో పాటు జ్వరాలనూ మోసుకొస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు పొగతోటలో ఏ ల్యాబు ముందు చూసినా మోచేతి మడతలో దూది అదుముకుని కూర్చున్నవారే. ఒకప్పుడు ల్యాబు చీటీలో మలేరియా, టైఫాయిడ్, తెల్లకణాల లెక్క ఉండేవి. కొవిడ్ తరువాత వాటి కిందికి డి-డైమర్ (రక్తపు గడ్డ కరిగేటప్పుడు రాలే ముక్కల లెక్క) అనే వరుస కూడా వచ్చి చేరింది. ఆ అంకె పక్కన ‘ఎక్కువ’ అన్న గుర్తు పడితే చాలు, చీటీ ఫోటో బెంగళూరులో ఉన్న కొడుక్కి వెళుతుంది. సాయంత్రానికి ‘రక్తం గడ్డకడుతోందట’ అన్న మాట వీధంతా పాకుతుంది. మందుల దుకాణంలో ఆస్పిరిన్ అడిగేవారు కొందరు, ఆర్‌ఎంపీ చేత పొట్టకు ఇంజెక్షన్ వేయించుకునేవారు మరికొందరు.

భయం పూర్తిగా నిరాధారమైనదేమీ కాదు. వైరస్ ఊపిరితిత్తుల్లో దిగితే గడ్డలు కట్టే ప్రమాదం నిజంగానే పెరుగుతుంది. అయితే నివారణ మందు అవసరమా, అవసరమైతే ఎంత మోతాదు అన్నది ల్యాబు చీటీని మాత్రమే చూసి తేల్చే విషయం కాదు. రోగి ఎక్కడున్నాడు, జబ్బు ఏ దశలో ఉంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు ముందు కావాలి.

క్లుప్తంగా

ఆసుపత్రిలో చేరి మంచం పట్టిన రోగికి గడ్డ కట్టకుండా అడ్డుపడే హెపారిన్ ఇంజెక్షన్ తక్కువ మోతాదులో నివారణ మందుగా పనికొస్తుంది. ఆక్సిజన్ మీద ఉండి, ఇంకా ఐసీయూ దాకా వెళ్లని కొవిడ్ రోగుల్లో ఎక్కువ మోతాదు కొంత మేలు చేసింది. ఐసీయూకు చేరాక అదే ఎక్కువ మోతాదు మేలు చేయకపోగా రక్తస్రావాలను పెంచింది. ఇంట్లో తిరుగుతున్నవారికి ఈ మందులు అక్కర్లేదు. డెంగీ కావచ్చన్న అనుమానం ఉన్నప్పుడైతే సొంతంగా వాడటం ప్రమాదం కూడా.

గడ్డ ఎక్కడ మొదలవుతుంది

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కొవిడ్ కేసు 2020 మార్చిలో నెల్లూరులోనే బయటపడింది. అప్పటికి దీన్ని ఊపిరితిత్తుల జబ్బుగానే చూశారు. కొన్ని వారాలు గడిచేసరికి నెదర్లాండ్స్ వైద్యుల నుంచి ఒక లెక్క వచ్చింది. ఐసీయూల్లో ఉన్న 184 మంది కొవిడ్ రోగులను పరిశీలిస్తే 31 శాతం మందిలో గడ్డలకు సంబంధించిన చిక్కులు కనిపించాయి. వారందరికీ మామూలు నివారణ మోతాదు అందుతూనే ఉంది. చనిపోయినవారి ఊపిరితిత్తులను కోసి చూసిన వైద్యులకు సన్నని రక్తనాళాల నిండా గడ్డలు కనిపించాయి.

గడ్డ కట్టడానికి మూడు కారణాలు చెబుతారు. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్షో పేరుతో పంతొమ్మిదో శతాబ్దం నుంచి వస్తున్న లెక్క అది: రక్తం నడక మందగించడం, నాళం లోపలి పొర దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. పెన్నా డెల్టాలో పంటకాలువలు చూసినవారికి ఇది తేలిగ్గా తెలుస్తుంది. నీళ్లు పారుతున్నంతసేపు గుర్రపుడెక్క నిలవదు. పారుదల ఆగినచోట, గట్టు కోసుకుపోయినచోట, పైనుంచి చెత్త ఎక్కువగా కొట్టుకొచ్చినచోట పేరుకుంటుంది. మూడూ ఒకేచోట కలిస్తే కాలువ పూడినట్టే.

వైరస్ ఈ మూడింటినీ ఒకేసారి తెస్తుంది. జ్వరంతో రోగి రోజుల తరబడి పడుకుని ఉంటాడు కాబట్టి కాళ్ల సిరల్లో రక్తం నెమ్మదిస్తుంది. వైరస్ వల్ల కొంత, దానిమీదికి దండెత్తిన సొంత రక్షణ కణాల వల్ల మరికొంత నాళాల లోపలి పొర దెబ్బతింటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ పొర రక్తం అంటుకోకుండా చూస్తుంది, గాయపడితే ప్లేట్‌లెట్లను పిలిచే జిగురును విడుదల చేస్తుంది. ఇక వాపు సంకేతాలు అందుకున్న కాలేయం గడ్డకు ముడిసరుకైన ఫైబ్రినోజెన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. కట్టిన గడ్డను కరిగించే సహజ వ్యవస్థ అదే సమయంలో చతికిలబడుతుంది.

నిజానికి ఇది శరీరం చేసే పొరపాటు కాదు. క్రిమి పారిపోకుండా చిన్న నాళాల్లో వల పన్నడం పాత రక్షణ పద్ధతి. కొన్ని తెల్లకణాలు తమ జన్యుపదార్థాన్నే దారాల్లా బయటికి విసిరి వలగా పరుస్తాయి. వల హద్దు దాటి అల్లుకున్నప్పుడే ఊపిరితిత్తిలో గాలి ఉన్నా రక్తం అందని స్థితి వస్తుంది. కొవిడ్‌లో చాలా గడ్డలు కాలి నుంచి కొట్టుకొచ్చినవి కావు, ఊపిరితిత్తిలోనే పుట్టినవి. కాళ్లకు స్కానింగ్ చేస్తే ఏమీ కనిపించని రోగి ఊపిరి అందక అల్లాడటానికి కారణం ఇదే.

ఫ్లూ జ్వరానికీ ఈ గుణం ఉంది. కెనడాలోని ఒంటారియోలో జరిగి 2018లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఫ్లూ నిర్ధారణ అయిన తొలి 7 రోజుల్లో గుండెపోటుతో ఆసుపత్రిలో చేరే అవకాశం మిగతా రోజులతో పోలిస్తే 6 రెట్లు ఎక్కువ. గుండె ధమనిలో కట్టేది కూడా గడ్డే.

ఒకే మందు, రెండు ఫలితాలు

హెపారిన్‌ను రక్తం పలుచబరిచే మందు అంటారు. మజ్జిగలో నీళ్లు కలిపినట్టు రక్తం పలుచబడదు. రక్తంలో సహజంగా ఉండే యాంటీత్రాంబిన్ అనే పదార్థానికి హెపారిన్ ఊతమిస్తుంది. అది గడ్డకట్టే గొలుసులోని రెండు ముఖ్యమైన కొక్కేలను పట్టి ఆపుతుంది. పాలు తోడుకోకుండా అడ్డుపడటమే దీని పని. ఒకసారి పెరుగైతే దాన్ని మళ్లీ పాలు చేయలేదు. ఉన్న గడ్డను మెల్లగా కరిగించుకోవలసింది శరీరమే. అందుకే ఈ మందు విషయంలో ఎంత ఇచ్చారన్నదాని కంటే ఎప్పుడు ఇచ్చారన్నదే ముఖ్యం.

2021 ఆగస్టులో వెలువడిన అంతర్జాతీయ ప్రయోగాలు ఈ సంగతిని తేల్చాయి. ఆసుపత్రిలో చేరినా ఐసీయూ స్థాయి సాయం అక్కర్లేని 2,219 మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి చికిత్స స్థాయి పూర్తి మోతాదు, మరో వర్గానికి మామూలు నివారణ మోతాదు ఇచ్చారు. అవయవాలకు యంత్రాల ఊతం అవసరపడకుండా బతికి ఇంటికి వెళ్లినవారు మొదటి వర్గంలో 80.2 శాతం, రెండో వర్గంలో 76.4 శాతం. పెద్ద రక్తస్రావాలు 1.9 శాతం, 0.9 శాతం. అంటే 100 మందిలో సుమారు 4 మందికి మేలు, ఒకరికి కీడు.

ఇదే పోలిక ఐసీయూలో ఉన్న సుమారు 1,100 మందిలో తలకిందులైంది. బతికి బయటపడినవారు పూర్తి మోతాదు వర్గంలో 62.7 శాతం, మామూలు మోతాదు వర్గంలో 64.5 శాతం. పెద్ద రక్తస్రావాలు 3.8 శాతం, 2.3 శాతం. మందు మారలేదు, రోగం పేరూ మారలేదు. మారింది దశ. ఆ దశకు వచ్చేసరికి సన్నని నాళాలు పూడిపోయి, వాపు తనదారిన తాను నడుస్తూ ఉంటుంది. రక్తనాళాల గోడలు కూడా బలహీనపడతాయి. అక్కడ అదనపు హెపారిన్‌కు చేయగల పని తక్కువ, చెరపగలిగేది ఎక్కువ. మధ్యరకం మోతాదుతో ప్రయత్నించిన ఇరాన్ వైద్యులకూ ఐసీయూ రోగుల్లో అదనపు ప్రయోజనం దక్కలేదు.

రెండో ఉధృతి సమయంలో, 2021 ఏప్రిల్‌లో వచ్చిన జాతీయ మార్గదర్శకాలు మధ్యస్థ స్థాయి రోగులకు రక్తస్రావ ప్రమాదం లేనప్పుడు మామూలు నివారణ మోతాదునే సూచించాయి. మధ్యస్థం అంటే ఆక్సిజన్ శాతం 90 నుంచి 93 మధ్య ఉండటం, లేదా నిమిషానికి 24 సార్లకు తగ్గకుండా ఊపిరి తీసుకోవడం. వాటిలో ఇంట్లో ఉండే స్వల్ప లక్షణాలవారికి హెపారిన్ చెప్పలేదు. ఆ నెలల గందరగోళంలో ఈ చిన్న గీత చాలామంది కంటికి ఆనలేదు. పడక దొరకనివారు ఇంట్లోనే ఏదో ఒకటి చేసుకోవాలని ఆరాటపడిన రోజులవి. నాటుమందు కోసం కృష్ణపట్నం దారుల్లో వేలమంది బారులు తీరింది కూడా ఆ మే నెలలోనే.

ఈ ప్రయోగాలన్నీ కొవిడ్ రోగుల మీద జరిగినవి. పూర్తి మోతాదు ఫలితాన్ని తీసుకెళ్లి ఫ్లూకో, 2025 జనవరిలో వార్తల్లో నలిగిన హెచ్‌ఎంపీవీ అనే శ్వాసకోశ వైరస్‌కో అతికించడం కుదరదు. ఆ జబ్బులతో ఆసుపత్రిలో చేరినవారికి అంతకు ముందు నుంచీ ఉన్న పద్ధతే వర్తిస్తుంది: ప్రమాదాన్ని లెక్కగట్టడం, అవసరమైతే నివారణ మోతాదు ఇవ్వడం.

మంచం పక్కన వేసే లెక్క

ఆ లెక్కల్లో బాగా వాడుకలో ఉన్నదానికి ఇటలీలోని పాదువా నగరం పేరు పెట్టారు. ఆసుపత్రిలో చేరిన రోగికి ఒక్కో అంశానికి కొన్ని మార్కులు వేస్తారు. క్యాన్సర్, గతంలో గడ్డ కట్టిన చరిత్ర, కనీసం 3 రోజులు మంచానికే పరిమితం కావడం, పుట్టుకతో గడ్డకట్టే గుణం ఉండటం, వీటిలో ప్రతిదానికీ 3. ఇటీవలి శస్త్రచికిత్సకు 2. 70 ఏళ్లు నిండటం, ఇన్ఫెక్షన్, గుండె లేదా శ్వాస వైఫల్యం, ఊబకాయం వంటివాటికి 1 చొప్పున. మొత్తం 4 చేరితే ప్రమాదం ఎక్కువ.

కందుకూరు వైపు పొగాకు బారన్ల దగ్గర జీవితమంతా పనిచేసిన 72 ఏళ్ల మనిషి న్యుమోనియాతో ఆక్సిజన్ మీద ఉన్నాడనుకుందాం. వయసుకు 1, ఇన్ఫెక్షన్‌కు 1, శ్వాస వైఫల్యానికి 1, మంచం దిగలేకపోవడానికి 3. మొత్తం 6. ఒంట్లో రక్తం కారే జబ్బు లేకపోతే నివారణ ఇంజెక్షన్ మొదలుపెట్టవలసిన రోగి ఇతను. పక్క మంచంలో 30 ఏళ్ల రొయ్యల చెరువు కూలీ ఫ్లూతో చేరి, సెలైన్ సీసా చేత్తో పట్టుకుని వరండా చివరిదాకా నడిచి వస్తున్నాడు. అతని మార్కు 1. ఇద్దరి డి-డైమర్ చీటీలూ ‘ఎక్కువ’ అనే చూపవచ్చు.

ఈ కొలతను 2010లో ప్రచురించినప్పుడు 1,180 మంది రోగులను గమనించారు. ప్రమాదం ఎక్కువగా ఉండి నివారణ మందు అందనివారిలో 11 శాతం మందికి గడ్డలు కట్టాయి. మందు అందినవారిలో 2.2 శాతం. ప్రమాదం తక్కువ ఉన్నవారిలో అది 0.3 శాతమే. తక్కువ ప్రమాదం ఉన్నవారికి ఇంజెక్షన్ పొడిచి సాధించేది దాదాపు ఏమీ లేదని ఈ అంకెల్లోనే ఉంది.

ఇక ఇంజెక్షన్ సంగతి. నివారణకు ఎక్కువగా వాడేది హెపారిన్‌లోనే ఒక రకమైన ఎనాక్సాపరిన్, 40 మిల్లీగ్రాముల మందు ముందే నింపి వచ్చే చిన్న సిరంజి. బొడ్డుకు రెండంగుళాల అవతల చర్మాన్ని మడతగా పట్టుకుని సూదిని నిలువుగా దించుతారు. సిరంజిలో కనిపించే గాలి బుడగను బయటికి తోసేయకూడదు. దాన్ని తోసే ప్రయత్నంలో మందు కూడా పోతుంది. మందు పూర్తయ్యేదాకా మడత వదలకూడదు, తీశాక రుద్దకూడదు. రుద్దితే అక్కడ నల్లగా కమిలిపోతుంది. వార్డులో తోడుండే ఆడవాళ్లు అలవాటు కొద్దీ చేత్తో రుద్దేస్తారు. రోగి పొట్ట మీద కనిపించే నల్లమచ్చల్లో సగం ఆ ప్రేమ వల్ల వచ్చినవే.

హెపారిన్ పనికిరాని రోగులకు, అంటే కడుపులో పుండు నుంచి రక్తం కారుతున్నవారికి, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినవారికి, కాళ్లకు గాలితొడుగులు చుట్టి పిక్కలను విడతలవారీగా నొక్కే యంత్రం ఉంది. అన్నిటికన్నా చవకైనది నడక. జ్వరం దిగగానే రోగిని లేపి కూర్చోబెట్టడం, మంచం చుట్టూ నాలుగు అడుగులు వేయించడం, పడుకున్నప్పుడు పాదాలను కిందికీ పైకీ ఆడించమనడం. పిక్కల కండరమే కాళ్ల రక్తాన్ని పైకి తోసే పంపు.

డి-డైమర్ అంకె ఎందుకు మోసం చేస్తుంది

గడ్డ కరిగేటప్పుడు రాలే ముక్కల పేరే డి-డైమర్. అది తక్కువగా ఉంటే, అనుమానం కూడా అంత బలంగా లేనప్పుడు, గడ్డ లేదని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు. ఎక్కువగా ఉంటే మాత్రం అది ఉన్నట్టు కాదు. గర్భిణుల్లో, శస్త్రచికిత్స అయినవారిలో, ఏ ఇన్ఫెక్షన్‌తోనైనా బాధపడుతున్నవారిలో, వయసు పైబడినవారిలో ఈ అంకె పెరుగుతుంది. అందుకే 50 ఏళ్లు దాటినవారికి వయసును 10తో గుణించి హద్దు పెట్టుకుంటారు. 500 హద్దుగా ఉన్న పరీక్షలో 75 ఏళ్ల మనిషికి హద్దు 750.

ఇంకో చిక్కు కొలమానం. ఒక ల్యాబు మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో 500 అంటుంది, మరో ల్యాబు మైక్రోగ్రాముల్లో 0.5 అంటుంది. రెండూ ఒకటే. పైగా ఈ కొలతలో రెండు పద్ధతులున్నాయి, ఒకదానిలో వచ్చే అంకె రెండోదానికి సుమారు రెట్టింపు. సోమవారం ఒంగోలులో, గురువారం నెల్లూరులో పరీక్ష చేయించి ‘మూడు రోజుల్లో రెట్టింపయింది’ అని కంగారు పడినవారిలో కొందరికి రెట్టింపయినది కొలమానమే అయి ఉండవచ్చు. చీటీ కింద సన్నటి అక్షరాల్లో ఉండే ప్రమాణాన్ని, ఆ ల్యాబు హద్దును చూడకుండా అంకెలు పోల్చడం పుట్టిని కిలోతో పోల్చడం లాంటిది.

ఇంట్లో ఉన్నవారి మాత్రలు

ఇంట్లో ఉండి కోలుకుంటున్న కొవిడ్ రోగులకు ఆస్పిరిన్, గడ్డ కట్టకుండా చూసే అపిక్సాబాన్ మాత్రలు ఇచ్చి చూసిన అమెరికా ప్రయోగాన్ని 2021లో మధ్యలోనే ఆపేశారు. గడ్డలు అంత అరుదుగా కట్టాయి కనుక మందు వల్ల తగ్గేదేమీ మిగల్లేదు. స్విట్జర్లాండ్, జర్మనీల్లో ఇంటి రోగులకు 14 రోజులు ఎనాక్సాపరిన్ ఇచ్చినా తేడా రాలేదు. ఆసుపత్రిలో ఉన్న 14,892 మందితో బ్రిటన్‌లో జరిగిన ప్రయోగంలో ఆస్పిరిన్ తీసుకున్నవారిలోనూ, తీసుకోనివారిలోనూ 28 రోజుల్లో 17 శాతమే చనిపోయారు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దీనికి ఇంకో ముఖ్యమైన కోణం ఉంది. వైరల్ జలుబు జ్వరాలు తిరిగే వానల కాలంలోనే డెంగీ కూడా తిరుగుతుంది. మొదటి రెండు మూడు రోజులు ఏది ఏదో చూసి చెప్పడం కష్టం. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, నాళాల గోడలు కారతాయి. ఆస్పిరిన్ ఒక్కసారి వేసుకుంటే అది తాకిన ప్లేట్‌లెట్లు వాటి ఆయుష్షు తీరేదాకా, అంటే 7 నుంచి 10 రోజులు, మళ్లీ పనిలోకి రావు. అనుమానపు జ్వరంలో పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దని చెప్పడం ఇందుకే. గుండెకు స్టెంటు వేయించుకుని రోజూ ఎకోస్ప్రిన్ (ఇదీ ఆస్పిరినే) వాడేవారి సంగతి వేరు. వారు దాన్ని సొంతంగా మానకూడదు. జ్వరం రాగానే రాసిన వైద్యుడిని అడగాలి.

కిడ్నీలు, పాత మందులు

ఎనాక్సాపరిన్ ఒంట్లోంచి బయటికి పోయేది ప్రధానంగా కిడ్నీల ద్వారా. అవి బాగా మందగిస్తే మందు పేరుకుని రక్తస్రావం కావచ్చు. కనిగిరి, మర్రిపూడి ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లతో పాటు కిడ్నీ జబ్బులూ ఏళ్ల తరబడి వార్తల్లో ఉన్నాయి. అటువైపు నుంచి వచ్చిన రోగికి తొలి ఇంజెక్షన్‌కు ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడటం లాంఛనం అనుకోకూడదు. కిడ్నీల పనితీరు బాగా తగ్గినవారికి మోతాదు కుదించడమో, పాతరకం హెపారిన్‌కు మారడమో చేస్తారు. హెపారిన్ వల్లే అరుదుగా ప్లేట్‌లెట్లు పడిపోయి, వింతగా గడ్డలు కట్టే చిక్కు కూడా ఉంది కనుక కొన్ని రోజులకోసారి ఆ లెక్క కూడా చూస్తారు.

గుండె కవాటం మార్పించుకుని, గడ్డ కట్టకుండా అసిట్రోమ్ వంటి మాత్రలు వాడేవారికి జ్వరం వేరే రకంగా ఇబ్బంది పెడుతుంది. వారం రోజులు గంజి తాగి ఆకుకూరలు మానేస్తే విటమిన్ కె తగ్గుతుంది. యాంటీబయాటిక్ తోడైతే మాత్ర ప్రభావం ఇంకా పెరుగుతుంది. మోతాదు పాతదే అయినా, రక్తం గడ్డకట్టడంలో ఆలస్యాన్ని కొలిచే ఐఎన్ఆర్ ఎగబాకుతుంది. అలాంటి మనిషికి డి-డైమర్ చూసి పైనుంచి ఇంకో ఇంజెక్షన్ చేర్చడం రెండు తాళ్లతో మెడ బిగించినట్టు అవుతుంది.

టీకా గడ్డలు వేరే జబ్బు

2024 ఏప్రిల్ చివర తన కొవిడ్ టీకా చాలా అరుదుగా గడ్డలకు దారితీయవచ్చని ఒప్పుకుంటూ బ్రిటన్ కోర్టులో ఆస్ట్రాజెనెకా దాఖలు చేసిన పత్రం వార్తల్లోకి వచ్చాక, ఇక్కడ అదే టీకాను కొవిషీల్డ్ పేరుతో వేయించుకున్నవారు కూడా డి-డైమర్ పరీక్షలకు వెళ్లారు. టీకా వల్ల అత్యంత అరుదుగా వచ్చే ఆ జబ్బులో శరీరం తన ప్లేట్‌లెట్ల పదార్థం మీదే ప్రతిరక్షకాలు తయారుచేసుకుంటుంది. గడ్డలు కడుతూనే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అది టీకా వేసిన తొలి కొన్ని వారాల్లోనే బయటపడేది, మూడేళ్లు దాగి ఉండేది కాదు. వైరస్ గడ్డల్లో ఉపయోగపడే హెపారిన్‌ను ఇందులో వాడకూడదని సూచించారు. రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల పుట్టిన భయం ఫ్లూ టీకా దాకా పాకింది. నిజానికి గుండెపోటు వచ్చినవారికి వెంటనే ఫ్లూ టీకా వేసిన 2021 నాటి ప్రయోగంలో ఏడాది లోపు మరణాలు 4.9 శాతం నుంచి 2.9 శాతానికి తగ్గాయి. గడ్డల నివారణలో టీకాను కూడా ఒక మందుగానే లెక్కవేయాలి.

డిశ్చార్జి తరువాత

ఇంటికి వెళ్లాక ఎన్నాళ్లు? బ్రెజిల్‌లో ప్రమాదం ఎక్కువగా ఉన్న 320 మంది కొవిడ్ రోగులను ఎంచి, సగం మందికి డిశ్చార్జి తరువాత 35 రోజులు అపిక్సాబాన్ లాంటి మరో మాత్ర, రివరాక్సాబాన్ 10 మిల్లీగ్రాములు ఇచ్చారు. గడ్డల వంటి ఘటనలు 9 శాతం నుంచి 3 శాతానికి తగ్గాయి. అమెరికాలో అలా ప్రత్యేకంగా ఎంచకుండా 1,217 మందిలో సుమారు సగం మందికి అపిక్సాబాన్ ఇచ్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండూ నిజమే. గతంలో గడ్డ కట్టినవారు, క్యాన్సర్ ఉన్నవారు, ఇంటికెళ్లినా మంచం దిగలేనివారు మొదటి కోవలోకి వస్తారు. మిగతావారికి నడకే చాలు.

దూరాలు కూడా లెక్కలోకి వస్తాయి. యర్రగొండపాలెం నుంచి ఒంగోలు వంద కిలోమీటర్లకు పైమాటే. ఒక కాలు మాత్రమే వాచి పిక్క నొప్పి పుట్టడం, ఉన్నట్టుండి ఆయాసం రావడం, గాలి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, దగ్గితే రక్తపు చార, స్పృహ తప్పడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా 108కు ఫోను చేయాలి. కాలికి డాప్లర్ స్కాన్, ఊపిరితిత్తులకు రంగుమందుతో సీటీ తీస్తేనే గడ్డ ఉన్నదీ లేనిదీ తేలుతుంది. వాచిన కాలును నూనెతో మర్దన చేయడం అక్కడి గడ్డను కదిలించవచ్చు.

డిశ్చార్జి కాగితంలో ఇంజెక్షన్ పేరు, మోతాదు సాధారణంగా ఉంటాయి. ఆపవలసిన తేదీ చాలాసార్లు ఉండదు. ఆ తేదీని కలంతో రాయించుకుని ఇంటికి బయలుదేరితే, నెల తరువాత కూడా ఊళ్లో ఎవరో ఒకరి చేత ఆ సిరంజిలు పొడిపించుకునే అవసరం రాదు.